జామ్‌కి బహుమతి, బొమ్మలకు లేదు

న్యూయార్క్ అనగానే మనకు మేడలే గుర్తొస్తాయి. ఆ రాష్ట్రంలో పొలాలు, పాడి, మంచు కప్పిన కొండలు ఉన్న పల్లెలూ ఉన్నాయి. అక్కడి ఈగిల్ బ్రిడ్జ్‌లో ఓ రైతు బామ్మ తాను నిల్వచేసిన పండ్లు, జామ్‌తోపాటు తాను వేసిన బొమ్మల్నీ దగ్గర్లో జరిగే ప్రదర్శనకు పంపింది. పండ్లకీ జామ్‌కీ బహుమతులొచ్చాయి. బొమ్మలకు ఏమీ రాలేదు. తర్వాత లోకమంతా గ్రాండ్‌మా మోజెస్ అని పిలుచుకున్నది ఈ బామ్మనే.

అసలు పేరు అన్నా మేరీ రాబర్ట్‌సన్. 1860 సెప్టెంబరు 7న పుట్టింది. రైతు ఇంట పదిమంది పిల్లల్లో ఒకతె. నాన్న కాగితాలు కొనిస్తే ద్రాక్షరసంతో రంగులద్దేది. ఆ సరదా పన్నెండేళ్లకే తీరిపోయింది. కలిగినవాళ్ల ఇళ్లలో పనికి కుదిరి పదిహేనేళ్లు వంట, కుట్టు, ఇంటి చాకిరీ చేసింది. 1887లో తనలాగే కూలిపనికి చేరిన థామస్ మోజెస్‌ను పెళ్లాడింది. ఇద్దరూ వర్జీనియా వెళ్లి సేద్యం చేశారు. ఆవిడ తాను దాచుకున్న డబ్బుతో ఆవును కొని, వెన్న తీసి అమ్మింది. బంగాళాదుంప చిప్స్ కూడా అమ్మిందట! పదిమందిని కంటే అయిదుగురు పసికందులుగానే పోయారు. ఈ మాట రాయడానికి నాకు క్షణం పట్టింది, ఆవిడ ఎన్నేళ్లు మోసిందో.

1905లో ఈగిల్ బ్రిడ్జ్‌కి తిరిగొచ్చి పొలం చూసుకున్నారు. 1918లో గోడలకు కాగితం అంటిస్తుంటే అది చాలక, చలిపొయ్యికి అడ్డంపెట్టే పలక మిగిలిపోయింది. దానిమీద ఓ దృశ్యం వేసి, మళ్లీ పనుల్లో పడింది. 1927లో భర్త పోయాక కొడుకు సాయంతో సేద్యం నడిపింది. ఊలు దారంతో బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పులతో సూది పట్టలేకపోతే చెల్లెలు రంగులు వేయమంది. అప్పటికే డెబ్బై దాటాయి. తీరిక దొరికి మొదలుపెట్టింది కాదు, చేతులు ఊరికే ఉండలేక.

పలకకు తెల్లరంగు పూసి, ముందు ఆకాశం, తర్వాత కొండలు, చెట్లు, ఇళ్లు, చివరికి పశువులు, మనుషులు. మేపుల్ రసం కాచి చక్కెర తీయడం, సబ్బు వండటం, మంచులో పిల్లల పరుగులు. ఆ బొమ్మల్లో కష్టం కనబడదు. అందుకే చాలామంది విమర్శకులు తేలిగ్గా తీసిపారేశారు. అయిదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి మంచు నిండా పిల్లల్ని పరిగెత్తించడం అమాయకత్వమని నాకైతే అనిపించదు.

1938లో హూసిక్ ఫాల్స్‌లో మందుల షాపు అద్దాల వెనక మూడు, అయిదు డాలర్లకు పెట్టిన బొమ్మల్ని లూయీ కాల్డార్ అనే ఇంజినీరు చూసి అన్నీ కొనేశాడు. ఇంటికి కూడా వెళ్లాడు. ఆవిడ లేకపోతే, పది బొమ్మలున్నాయని కోడలు చెప్పింది. తీరా చూస్తే తొమ్మిదే! బామ్మ పెద్ద బొమ్మనొకదాన్ని రెండుగా కోసి పది చేసింది. ఇది మన ఆడవాళ్లకు కాక ఎవరికి తడుతుంది?

1940లో న్యూయార్క్ నగరంలో తొలి సొంత ప్రదర్శన. అప్పుడు ఎనభై ఏళ్లు. ఆ ఏడే ఓ పెద్ద దుకాణంలో మాట్లాడమంటే, జామ్ ఎలా చేస్తుందో చెప్పి వచ్చింది. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా అవార్డు అందుకుంది. 2006లో ఆవిడ వేసిన మేపుల్ చక్కెర బొమ్మ ఒకటి 12 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

మొత్తం 1,500కు పైగా బొమ్మలు. నూరేళ్లు నిండాక వేసినవే పాతిక. 1961 డిసెంబరు 13న, 101 ఏళ్ల వయసులో కన్నుమూసింది. చివరగా పూర్తిచేసిన బొమ్మ పేరు ఇంద్రధనుస్సు.