కాంతారావు నిరీక్షణ

కోదాడకు చేరువనున్న గుడిబండ గ్రామమున 1923 నవంబరు 16వ తేదీన తాడేపల్లి లక్ష్మీకాంతారావు జన్మించినారు. అంత పొడవైన పేరు జనులకు గుర్తులేదు. తెలుగు ప్రేక్షకులెరిగినది కాంతారావును. పల్లెల ముద్దుపేరు కత్తి కాంతారావు.

నేటి విద్యార్థి నటుడు కాదలచినచో ఒక సంవత్సరము చదువు నిలిపి, నాటక విద్యాలయపు ఎంపికకు సాధన చేయవచ్చును. కాంతారావు యౌవనమున అట్టి విద్యాలయము ఆయనకు అందుబాటులో లేదు. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల వెలసినది 1959లో. అప్పటికాయన 35 ఏండ్లు దాటిన, పేరుపొందిన నటుడు. నాటకములపై మక్కువ మాత్రము చిన్ననాటనే కలిగినది. సురభి వంటి సమాజములు ఊరూర డేరాలు వేయు కాలమది. పల్లెటూరి బాలునకు ఆ తెరలు, ఆ హార్మోనియము, ఆ పెట్రోమాక్సు వెలుగే బడి.

ఆయన నిరీక్షణ ఒక్క యేటితో తీరలేదు. అది కోరి తీసికొన్న విరామమును కాదు. 1946 నుండి నల్లగొండ జిల్లా రైతాంగ పోరాటముతో అట్టుడికినది. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములలో పగలొకరి అధికారము, రాత్రి మరియొకరిది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసినను పల్లెలు కుదుటపడలేదు. పోరాట విరమణ 1951లో గాని జరుగలేదు. వేషము కట్టవలసిన వయస్సంతయు అట్టి రోజులలో గడచినది. తెలుగు చిత్రములు తయారగు చోటు మద్రాసు. హైదరాబాదు నుండి బెజవాడకు పోవు బాట కోదాడ మీదుగనే పోవును; కాని ఆ బాటపై ఎల్ల దాటినచో హాలీ సిక్కా చెల్లదు, ఎరిగిన ముఖము కానరాదు.

మద్రాసులో ఆయనను పరీక్షించినది పాఠశాల కాదు, ఒక్క మనుష్యుడు. ఆయన హెచ్.ఎమ్. రెడ్డి; 1931లో కాళిదాసును, 1932లో భక్త ప్రహ్లాదను రూపొందించి దక్షిణదేశపు టాకీకి దారి వేసిన దర్శకుడు. రోహిణీ వారి నిర్దోషి 1951లో విడుదలయినది. అందు కాంతారావుకు లభించినది చిన్న వేషము. అప్పటికి 28వ యేడు నడచుచున్నది. రెండేండ్ల పిమ్మట, 1953లో, అదే దర్శకుడు ప్రతిజ్ఞలో కథానాయకుని చేసినారు. రాజనాల తొలిసారి తెరకెక్కినదియు ఆ చిత్రముతోనే.

ఇంతటితో దారి సుగమమైనదనుకొనుట పొరపాటు. 1955లో ఎన్.టి. రామారావు స్వంత సంస్థ నిర్మించిన జయసింహలో కాంతారావు నాయకుని తమ్ముడైనారు. కథానాయకుడైన పిదప రెండవ స్థానమున నిలుచుట పలువురికి రుచింపదు. ఆయనకది చిన్నతనముగా తోచినట్లు లేదు. సీతారామకల్యాణములో నారదుడు, నర్తనశాలలో శ్రీకృష్ణుడు, 1963లో వచ్చిన లవకుశలో లక్ష్మణుడు – అన్నియు ఆ స్థానమున నిలిచి గెలుచుకొన్నవే. వీనిలో లక్ష్మణ పాత్ర కష్టతరము. అన్న ఆజ్ఞను కాదనలేక, వదినను అడవిలో విడిచి మరలిరావలె. మాటకన్న మౌనమే ఎక్కువ పలుకవలె. కత్తియుద్ధములు చూచి ఈలలు వేసిన వారు ఆ నిబ్బరమును తగినంతగా గుర్తింపలేదు.

విఠలాచార్య జానపద చిత్రములు ఆయనను ఇంటింటి రాకుమారుని చేసినవి: గురువును మించిన శిష్యుడు, నవగ్రహపూజామహిమ, జ్వాలాద్వీప రహస్యము. ఆర్జించినది నిలుపుకొని యుండిన బాగుండెడిది. 1969లో సప్తస్వరాలుతో స్వయముగా నిర్మాణమునకు దిగినారు. నిర్మాణము నష్టములనే మిగిల్చినది, ఆస్తి కరగినది. ఒకనాటి రాకుమారుడు ముదిమిలో చిన్న వేషములకై మరల ఎదురుచూచినారు. వచ్చినదానిని, అది టెలివిజను ధారావాహిక యైనను, కాదనలేదు. 2000 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము ఆయనకు లభించినది. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూసినారు.