యుద్ధవీరుడు ఆడీ మర్ఫీ - మానని మనోగాయం

రెండవ ప్రపంచ యుద్ధంలో అత్యధిక పురస్కారాలు పొందిన అమెరికా సైనికులలో ఆడీ మర్ఫీ ఒకరు. టెక్సాస్ రాష్ట్రంలో నిరుపేద కౌలురైతు కుటుంబంలో జన్మించిన ఆయన 1942లో వయసు ఎక్కువ చెప్పి సైన్యంలో చేరారు. 1945 జనవరి 26న ఫ్రాన్స్‌లో, మండుతున్న యుద్ధశకటం ఎక్కి, కాలికి గాయమైనా శత్రుసేనను ఒంటరిగా నిలువరించి అత్యున్నత శౌర్య పతకం అందుకున్నారు.

స్వదేశంలో సినీనటుడిగా ప్రఖ్యాతి గాంచినా యుద్ధ స్మృతులు ఆయనను వీడలేదు. పీడకలలు, నిద్రలేమితో బాధపడుతూ తలగడ కింద తుపాకీ ఉంచుకొని నిద్రించేవారు. నిద్రమాత్రలకు బానిసై, గదిలో ఒంటరిగా తలుపులు మూసుకొని ఆ వ్యసనాన్ని జయించారు. తన వ్యథను దాచుకోక, కొరియా, వియత్నాం యుద్ధాల నుంచి తిరిగివచ్చిన సైనికుల మానసిక సమస్యలపై దృష్టి సారించాలని ప్రభుత్వాన్ని కోరారు.

1971 మే 28న విమాన ప్రమాదంలో మరణించారు. యుద్ధానంతర మనోవేదనను అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతగా గుర్తించినది 1980లోనే. శాన్ ఆంటోనియోలోని మాజీ సైనికుల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.