ముప్పై దిర్హములతో హజ్ – ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) జీవితం



ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతలు ముగిసి, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు వచ్చాయంటే మన ముస్లిం కుటుంబాల్లో ఒక ఆశ మేల్కొంటుంది. ఈసారి యార్డులో టిక్కీలకు మంచి ధర పలికితే అల్లాహ్ గృహాన్ని చూసి రావాలన్నదే ఆ ఆశ. కొందరికి పంట కలిసి వస్తుంది. చాలామందికి కౌలు, ఎరువులు, పురుగుమందుల బాకీలు తీరేసరికి చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు కొందరు నిరాశ పడి ఊరుకుంటారు. కొందరు రాబోయే పంటను చూపి కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి బయలుదేరుతారు. మరికొందరు ఎవరైనా దాత పంపకపోతాడా అని ఎదురుచూస్తారు.

2022లో కేరళ నుంచి ఒక యువకుడు కాలినడకన హజ్‌కు బయలుదేరి, వీసా కోసం సరిహద్దులో నెలల తరబడి ఆగి, 2023లో మక్కా చేరిన వార్త విన్నాక మన కుర్రవాళ్ళలో కొత్త ఆలోచన కూడా మొదలైంది. నడిచి వెళ్తే తక్కువ డబ్బుతోనే పని అయిపోతుంది కదా అన్నది ఆ ఆలోచన.

తక్కువ డబ్బుతో, కాలినడకన, దూరదేశం నుంచి హజ్ చేయడమంటే ఏమిటో నిజంగా తెలిసిన ఒక మహనీయుడు పన్నెండు వందల సంవత్సరాల క్రితం బాగ్దాద్ నగరంలో జీవించారు. ఆయనే ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై). నాలుగు ప్రసిద్ధ ఫిఖ్‌హ్ మార్గాల ఇమాములలో ఒకరిగా ఆయన పేరు మనలో చాలామందికి తెలుసు. అయితే ఆయన హజ్ ప్రయాణాల గురించి, ఆ ప్రయాణాలలో ఆయన పాటించిన నియమాల గురించి తెలిసినవారు తక్కువ.

తండ్రిలేని బాల్యం

ఇమామ్ అహ్మద్ హిజ్రీ 164లో, అంటే క్రీ.శ. 780లో జన్మించారు. ఆయన కుటుంబం ఖురాసాన్ ప్రాంతంలోని మర్వ్ నగరం నుంచి బాగ్దాద్‌కు వచ్చింది. తండ్రి సుమారు ముప్పై ఏళ్ళ వయసులోనే కన్నుమూశారు. తల్లి సఫియ్యా ఒంటరిగా ఆయనను పెంచి పెద్దచేశారు. తండ్రి వదిలి వెళ్ళిన కొద్దిపాటి ఇళ్ళూ కొట్ల మీద వచ్చే అద్దెయే వారికి ఆధారం. ఆ అద్దె నెలకు పదిహేడు దిర్హములని చరిత్రకారులు రాశారు. ఈ మొత్తం ఎంత చిన్నదైనా ఇమామ్ గారు జీవితాంతం దానితోనే తృప్తిపడ్డారు. అది చాలని రోజున కూలిపని చేశారే గాని ఎవరి ముందూ చేయి చాచలేదు.

పదహారేళ్ళ వయసులో హదీసు విద్య ప్రారంభించారు. ఆ విద్య కోసం కూఫా, బస్రా, మక్కా, మదీనా, యమన్ తిరిగారు. కూఫాలో తలకింద ఇటుక పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి. రయ్ నగరంలో జరీర్ బిన్ అబ్దుల్ హమీద్ అనే గొప్ప హదీసువేత్త ఉండేవారు. ఆయన దగ్గరకు వెళ్ళాలని ఇమామ్ గారికి ఎంతో కోరిక. కాని అందుకు కావలసిన యాభై దిర్హములు ఆయన వద్ద లేవు. అందుకని ఆ ప్రయాణాన్ని మానుకున్నారు. అంతటి విద్యాతృష్ణ ఉన్నవాడు కూడా అప్పుచేసి బయలుదేరలేదన్న విషయం మనం గమనించాలి.

కాలినడకన మూడు హజ్‌లు

ఇమామ్ అహ్మద్ తన జీవితంలో ఐదుసార్లు హజ్ చేశారు. మొదటిది హిజ్రీ 187లో, ఇరవై మూడేళ్ళ వయసులో. చివరిది హిజ్రీ 198లో. ఈ ఐదింటిలో మూడు కాలినడకన చేసినవే. అప్పటికి ఆయనకు ఇంకా వివాహం కాలేదు. సుమారు నలభై ఏళ్ళ వయసులోగాని ఆయన సంసార బాధ్యత స్వీకరించలేదు. భార్యాబిడ్డలను పస్తు ఉంచి చేసిన ప్రయాణాలు కావు అవి.

బాగ్దాద్ నుంచి హాజీలు ముందు కూఫా చేరి, అక్కడి నుంచి ఎడారి దారి పట్టేవారు. కూఫా నుంచి మక్కా వరకే సుమారు 1,400 కిలోమీటర్లు. గుంటూరు నుంచి హైదరాబాదుకు ఉన్న దూరానికి అది దాదాపు ఐదు రెట్లు. ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా ఈ దారి పొడవునా బావులు, నీటి తొట్లు, మజిలీలు ఏర్పాటు చేయించిన కారణంగా నేటికీ దానిని జుబైదా బాట అనే పిలుస్తారు. నీటి వసతి కొంత ఉన్నా ఎండ, ఇసుక, దారి తప్పే ప్రమాదం ఎప్పుడూ ఉండేవి. ఒకసారి నడిచి వెళ్తూ ఇమామ్ గారు కూడా దారి తప్పారు. అల్లాహ్ దయతో తిరిగి దారి దొరికింది.

ఈ హజ్ ప్రయాణాలలో ఒకదానికి ఆయన పెట్టిన ఖర్చు మొత్తం ముప్పై దిర్హములు. ఆనాటి దిర్హము సుమారు మూడు గ్రాముల వెండి నాణెం. ఆ లెక్కన ముప్పై దిర్హములంటే ఏడున్నర తులాల వెండి. ఆయన నెలసరి అద్దెతో పోలిస్తే రెండు నెలల రాబడి కూడా కాదు. ఒంటె బాడుగ లేదు. సేవకుడు లేడు. తన కాళ్ళు, కొద్దిపాటి తిండి, ఒంటి మీద బట్టలు, అంతే.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. తాను నడిచి వెళ్ళారు గాని, మీరూ నడిచే వెళ్ళండని ఆయన ఎవరినీ ఆదేశించలేదు. ఆయన పేరుతో వెలసిన హంబలీ మార్గంలోనూ దూరప్రాంతాల వారిలో ప్రయాణ ఖర్చు, వాహన వసతి ఉన్నవారిపైనే హజ్ విధి అవుతుంది. స్తోమత లేనివానిపై అల్లాహ్ ఆ భారం మోపలేదు. కనుక ఇమామ్ గారి నడక తన శక్తిని తాను ఎరిగి స్వచ్ఛందంగా చేసిన ఆరాధన మాత్రమే.

దొంగతనం జరిగిన రోజు

దూరప్రయాణంలో డబ్బు ఎంత జాగ్రత్తగా లెక్కవేసుకున్నా అనుకోని కష్టం వచ్చిపడుతుంది. ఇమామ్ గారికీ వచ్చింది. మక్కాలో సుఫ్యాన్ బిన్ ఉయైనా (రహ్మలై) దగ్గర హదీసులు నేర్చుకుంటున్న రోజుల్లో ఆయన బట్టలు దొంగతనానికి గురయ్యాయి. బయటికి రావడానికి తగిన వస్త్రం లేక బసలోనే ఉండిపోయారు. కొన్ని రోజులుగా కనిపించకపోయేసరికి తోటి విద్యార్థి ఒకరు వెతుక్కుంటూ వెళ్ళారు. తలుపు వేసి ఉంది. లోపల ఇమామ్ గారు చిరుగు పాతలతో ఉన్నారు.

ఆ మిత్రుడు తన వద్దనున్న డబ్బు చూపి, ఇష్టమైతే కానుకగా, లేదంటే అప్పుగా తీసుకోమన్నారు. ఇమామ్ గారు రెండింటినీ కాదన్నారు. చివరికి తన కోసం హదీసులు రాసి ఇచ్చి కూలి తీసుకోమని అడిగితే మాత్రం అంగీకరించారు. ఆ రాతకు ఒక దీనారు కూలి వచ్చింది. దానితో ఒక బట్ట కొనిపించి, రెండు ముక్కలు చేసి, ఒకటి నడుముకు చుట్టుకున్నారు, రెండోది భుజాల మీద కప్పుకున్నారు. కష్టం తీరింది, గౌరవమూ నిలిచింది.

సనా ప్రయాణం

చివరి హజ్ సమయంలో మరో సంఘటన జరిగింది. ఇమామ్ గారు, ఆయన మిత్రుడు యహ్యా బిన్ మయీన్ కలిసి ముందే ఒక ప్రణాళిక వేసుకున్నారు. హజ్ పూర్తిచేసి, అక్కడి నుంచి యమన్‌లోని సనాకు వెళ్ళి, ప్రసిద్ధ హదీసువేత్త అబ్దుర్రజ్జాఖ్ గారి వద్ద చదవాలన్నదే ఆ ప్రణాళిక. తీరా మక్కాలో కాబా చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటే అబ్దుర్రజ్జాఖ్ గారే అక్కడ ఎదురయ్యారు. యహ్యా ఎంతో సంతోషించి, ఇక్కడే హదీసులు వినేస్తే దూరమూ ఖర్చూ తప్పుతాయని భావించారు. ఇమామ్ గారు ఒప్పుకోలేదు. సనా వెళ్ళి నేర్చుకోవాలని అల్లాహ్ కోసం సంకల్పం (నియ్యత్) చేసుకున్నాక, సులువు కనిపించిందని దానిని మార్చుకోవడం ఆయనకు నచ్చలేదు. అన్నమాట ప్రకారమే సనా వెళ్ళారు.

అక్కడ డబ్బు అయిపోయింది. అబ్దుర్రజ్జాఖ్ గారు అభిమానంతో కొన్ని దీనార్లు ఇవ్వబోతే మృదువుగా తిరస్కరించారు. యమన్ నుంచి తిరుగు ప్రయాణంలో రొట్టెల వ్యాపారికి బాకీపడిన దానికి తన చెప్పులు తాకట్టు పెట్టారు. ఒంటెలు తోలేవారి వద్ద కూలికి కుదిరి, ఆ కూలితో దారి ఖర్చు వెళ్ళదీసుకున్నారు. భావికాలంలో ముస్లిం లోకమంతా ఇమామ్ అని గౌరవించబోయే వ్యక్తి ఆనాడు ఒంటెల వెంట నడిచిన ఒక కూలీ!

భరోసా అంటే ఏమిటి?

ప్రయాణ సామగ్రి లేకుండా అల్లాహ్ మీద భరోసా (తవక్కుల్) అంటూ బయలుదేరడం కొత్త విషయం కాదు. ప్రవక్త (సల్లం) కాలంలో యమన్ నుంచి కొందరు అలాగే వచ్చి, మక్కా చేరాక జనాన్ని అడుక్కునేవారు. హజ్‌కు వచ్చేవారు ప్రయాణ సామగ్రి వెంట తెచ్చుకోవాలని దివ్యఖుర్ఆన్ బోధించిన సందర్భం అదే. అన్నింటికన్నా మేలైన సామగ్రి దైవభీతి అని కూడా ఆ బోధనలోనే ఉంది.

ఇమామ్ గారి దగ్గరకూ అలాంటి వ్యక్తి ఒకరు వచ్చారు. ఏమీ తీసుకోకుండా, భరోసాతో మక్కా వెళ్తానన్నాడు. అలాగైతే బిడారు తోడు లేకుండా ఒంటరిగా వెళ్ళమని ఇమామ్ గారు సూచించారు. అతను బిడారుతోనే వెళ్తానన్నాడు. అప్పుడు ఇమామ్ గారు, నీ భరోసా అల్లాహ్ మీద కాదు, తోటి ప్రయాణికుల తిండి సంచుల మీద అని తేల్చి చెప్పారు. ముప్పై దిర్హములతో హజ్ చేసిన వ్యక్తి చెప్పిన మాట ఇది. తన సంచిలో ఎంత ఉందో ఆయనకు తెలుసు. పక్కవాడి సంచి వైపు ఆయన చూడలేదు.

లొంగని మనిషి

దారిలో ఎవరికీ రుణపడని ఈ గుణమే తరువాతి కాలంలో పెద్ద పరీక్షలో ఆయనను నిలబెట్టింది. హిజ్రీ 218లో ఖలీఫా మామూన్, ఖుర్ఆన్ సృష్టించబడిన వస్తువు అనే వాదాన్ని పండితులందరూ అంగీకరించాలని శాసించాడు. చాలామంది భయపడి తలవంచారు. ఇమామ్ అహ్మద్ అంగీకరించలేదు. ఆయనకు, ముహమ్మద్ బిన్ నూహ్ అనే యువకునికి సంకెళ్ళు వేసి ఖలీఫా దగ్గరకు తరలించారు. వారు దారిలో ఉండగానే మామూన్ మరణించాడు. తిరుగు దారిలో ముహమ్మద్ బిన్ నూహ్ కన్నుమూశారు. సంకెళ్ళతోనే ఇమామ్ గారు ఆయన జనాజా నమాజు చేయించారు. తరువాతి ఖలీఫా ముఅతసిమ్ ఆయనను రెండేళ్ళకు పైగా చెరలో ఉంచి, స్పృహ తప్పేలా కొరడాలతో కొట్టించాడు. అయినా ఆయన మాట మారలేదు. ఆ తర్వాత ముఅతసిమ్‌ను ఆయన క్షమించారు కూడా.

ముతవక్కిల్ ఖలీఫా అయ్యాక పరిస్థితి తారుమారైంది. దర్బారు నుంచి ధనం రాసాగింది. బలవంతాన ఇచ్చిన దానిని ఆయన పేదలకు పంచిపెట్టారు. కుమారుడు ఖలీఫా ఇచ్చిన భత్యం తీసుకున్నాడని తెలిసి, అతని ఇంటి పొయ్యి మీద కాల్చిన రొట్టెను ముట్టుకోలేదు. కొరడాకు లొంగనివాడు కానుకకూ లొంగలేదు. హిజ్రీ 241లో, క్రీ.శ. 855లో, బాగ్దాద్‌లో శుక్రవారం నాడు ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇరవై ఏడు వేలకు పైగా హదీసులున్న ముస్నద్ గ్రంథాన్ని మనకు మిగిల్చి వెళ్ళారు.

మనకు పాఠం

సోదర సోదరీమణులారా! నేడు మనం మక్కాకు నడిచి వెళ్ళవలసిన అవసరం లేదు. దేశాల సరిహద్దులు, వీసాలు, హజ్ అనుమతి పత్రం లేకుండా ఆ దారి సాగదు కూడా. 2023లో విజయవాడ నుంచే హజ్ విమానాలు ఎగిరాయి. అయితే ఇమామ్ గారి లెక్క మాత్రం మనకూ వర్తిస్తుంది.

పంట డబ్బు చేతికి రాగానే ముందు ఉష్ర్ తీయాలి. వర్షాధార భూమికి పదో వంతు, డబ్బుపెట్టి నీరు పెట్టిన భూమికి ఇరవయ్యో వంతు. తరువాత గడువు పడిన బాకీలు తీర్చాలి. ఆ తరువాత మనం తిరిగి వచ్చేవరకు ఇంట్లోవారి ఖర్చు, వచ్చే కారుకు విత్తనాల ఖర్చు పక్కన పెట్టాలి. మిగిలినదే హజ్ సొమ్ము. అది ఈ ఏడు చాలకపోతే దాచుకుని మరుసటి పంట దానికి కలపాలి. సంకల్పం స్థిరంగా ఉంటే ఐదేళ్ళు పట్టినా నష్టం లేదు. ఆ లోగా పిలుపు వస్తే, స్తోమత లేక ఆగిపోయినవాడి మనసు అల్లాహ్‌కు తెలుసు.

నడక అలవాటు మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. మక్కా నుంచి మినా సుమారు ఎనిమిది కిలోమీటర్లు, అరఫాత్ సుమారు ఇరవై. విమానంలో వెళ్ళినవారికైనా హజ్ రోజుల్లో కాళ్ళకు పని తప్పదు. పొలం గట్ల మీద నడిచే అలవాటున్న మన రైతుకు అది పెద్ద కష్టమేమీ కాదు.

సంచి చిన్నదైతే ఫరవాలేదు. అందులో ఉన్నది మన సొంత కష్టార్జితం, ధర్మసమ్మతమైనది అయి ఉండాలి. ఇమామ్ గారి ముప్పై దిర్హములు చెప్పేది ఇదే.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనతో, ఎవరికీ భారం కాకుండా తన గృహాన్ని దర్శించే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.