గుంటూరులో సూర్యరహస్యము: జాన్సెన్ పండితుడు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల మీదుగా సాగి, గుంటూరును, బందరును దాటి సముద్రము పైకి పోయెను. పట్టపగలు చీకటి పడిన ఆ కొలది నిమిషములలో సూర్యుని రహస్యమొకటి మానవునికి చిక్కెను. దానిని గ్రహించినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి పండితుడగు జాన్సెన్.

ఆయన 1824 ఫిబ్రవరి 22వ తేదీన పారిసులో జన్మించెను. బాల్యమున జరిగిన ప్రమాదముచే కుంటివాడయ్యెను. బడికి సరిగా పోలేదు. బ్యాంకులో కొలువు చేయుచునే గణిత భౌతికశాస్త్రముల నభ్యసించెను. పెరూ మొదలు మన దేశము వరకు ఆయన సంచారమునకు ఆ కాలు అడ్డు రాలేదు.

పొయ్యిలో ఉప్పు పడినచో మంట పసుపువన్నె దాల్చుట మన యిండ్లలో చూచినదే. వేడెక్కి వెలుగు ప్రతి వాయువును తనకే చెందిన రంగుగీతలను వెలువరించును; ఆ వెలుగును గాజుపట్టకము గుండ పంపినచో ఆ గీతలు విడివిడిగా కన్పట్టును. గీతలను బట్టి పదార్థమును గుర్తింపవచ్చునని కిర్కాఫ్, బున్సెన్ పండితులు 1859 ప్రాంతమున స్థాపించిరి.

గుంటూరులో జాన్సెన్ ఈ సాధనమునే సూర్యునివైపు త్రిప్పెను. గ్రహణవేళ సూర్యుని అంచున లేచు ఎర్రని జ్వాలలు ఉదజని వాయురాసులని ఆ గీతలు చాటెను. గీత లంత ప్రకాశముగా నుండుటచే గ్రహణము లేకున్నను కానవచ్చునని ఆయనకు తోచెను. పట్టకము ఆకాశకాంతిని పలురంగులుగా పరచి పలుచన చేయును. గీతలు మాత్రము పలుచబడవు. మరునాడే ఆయన యత్నము ఫలించెను.

ఇంగ్లండులో లాకియరు అక్టోబరు 20న స్వతంత్రముగా దీనినే సాధించెను. ఇరువురి లేఖలును పారిసు పరిషత్తులో ఒకే దినమున వినిపింపబడెను. ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించి గౌరవించెను. హీలియమును జాన్సెనే కనిపెట్టెనని కొందరు వ్రాయుట సరికాదు. నాటి పసుపుగీతను పలువురు చూచిరి, అది క్రొత్త మూలకమునకు చెందినదని తలచినవాడు లాకియరు. 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొనెను.

1870లో శత్రువులు పారిసును ముట్టడింపగా, జాన్సెన్ మరియొక గ్రహణము చూచుటకై బెలూనులో తప్పించుకొని ఆఫ్రికా చేరెను. తీరా మబ్బులు సూర్యుని కప్పివేసెను! ఆయన క్రుంగక, మరుసటి యేడు నీలగిరికి వచ్చి మరల గ్రహణమును పరిశీలించెను. 1907 డిసెంబరు 23వ తేదీన దివంగతుడయ్యెను.

గుంటూరు పేరు జగద్విదితమయ్యెను. కాని ఆ గ్రహణమునే పరిశీలించుటకు మదరాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో విడిది చేసెనని మనలో నెందరెరుగుదురు? మేము పరదేశపండితుని కొనియాడుట మనవారిని మరచుటకు కాదు. నీడ అందరి పొలములపైనను పడినది. దానిని ప్రశ్నించినవానికే వెలుగు దక్కినది. ఆ సీమలోని ప్రతి పాఠశాలకు ఒక పట్టకము నిచ్చు దాతలు ముందుకు రావలెనని మా కోరిక.