ఆస్ట్రోఫిజిక్స్ కోర్సు లేని కాలంలో నక్షత్రాలను చదివిన హైదరాబాద్ కుర్రాడు: ఎవరీ వైను బప్పు?

రాయ్‌పుర్‌లోని పండిత్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్, ఆస్ట్రోఫిజిక్స్‌ రెండూ ఒకే విభాగం కింద ఉన్నాయి. ఫిజిక్స్ పీజీలో చేరే విద్యార్థి తోకచుక్కల గురించో, నక్షత్రాల వర్ణపటాల గురించో అక్కడ పాఠంగా చదువుకోవచ్చు. 80 ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఫిజిక్స్ చదివిన ఓ కుర్రాడికి ఆ వీలు లేదు. క్లాసులో ఫిజిక్స్ చదివి, రాత్రిపూట అబ్జర్వేటరీలో ఆకాశాన్ని చదివారు. తర్వాతి కాలంలో దేశంలో ఆధునిక ఖగోళ పరిశోధనకు పునాది వేసినవారిలో ముందు చెప్పుకునే పేరు ఆయనదే. ఆయనే మనాలి కల్లాట్ వైను బప్పు.

బేగంపేట టెలిస్కోపు నీడలో

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం మూలాలు కేరళలో ఉన్నా, పెరిగింది హైదరాబాద్‌లో. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో 1901లో మొదలుపెట్టిన ఈ అబ్జర్వేటరీ తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు మారింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని వాటాలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నప్పుడు హైదరాబాద్‌కూ ఒక వాటా దక్కింది. లక్షల నక్షత్రాల స్థానాలను ఇక్కడి సిబ్బంది ఏళ్ల తరబడి ఓపికగా కొలిచి నమోదు చేశారు.

బప్పు బాల్యం ఆ వాతావరణంలోనే గడిచింది. చదువు మాత్రం నిజాం కాలేజీలో. అప్పట్లో అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. ఆయన ఎంచుకున్నది ఫిజిక్స్. వెలుతురు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను విద్యార్థి దశలోనే గమనించి, పరిశోధన పత్రాలు కూడా ప్రచురించారు. ఇంకా ముందుకు వెళ్లాలంటే విదేశం వెళ్లక తప్పని పరిస్థితి.

హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949 మొదట్లో ఆయన అమెరికాలోని హార్వర్డ్‌కు చేరుకున్నారు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసి అప్పటికి కొన్ని నెలలే అయింది.

ఆర్నెల్లలో తోకచుక్క

హార్వర్డ్‌లో చేరిన ఆరు నెలలకే, 1949 జులైలో, రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసిన ప్లేటులో ఆయనకు కొత్త తోకచుక్క ఒకటి కనిపించింది. ప్రొఫెసర్ బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్‌తో కలిపి దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. ఒక భారతీయుడి పేరు తోకచుక్కకు చేరడం అప్పట్లో పెద్ద వార్త. ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ ఆయనకు డొనోహో పతకం ఇచ్చింది.

1952లో పీహెచ్‌డీ పూర్తయింది. తర్వాత కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ అబ్జర్వేటరీలకు వెళ్లారు. 200 అంగుళాల అద్దంతో అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు పాలోమార్‌లోనే ఉండేది.

గీత వెడల్పులో నక్షత్రం దూరం

అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పనే ఆయన పేరును ఫిజిక్స్ పుస్తకాల్లోకి ఎక్కించింది.

చీకట్లో దూరంగా ఒక దీపం కనిపించిందనుకుందాం. అది దగ్గరున్న చిన్న దీపమా, దూరానున్న పెద్ద దీపమా అన్నది చూసి చెప్పలేం. నక్షత్రాలతోనూ ఇదే ఇబ్బంది. అసలు వెలుగు ఎంతో తెలిస్తేనే, కనిపించే వెలుగుతో పోల్చి దూరం లెక్కగట్టగలం.

నక్షత్రం కాంతిని రంగులుగా విడగొడితే ఊదా రంగు భాగంలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక నల్లటి గీత ఉంటుంది. దాన్ని కె-గీత అంటారు. సూర్యుడిలాంటివీ, అంతకంటే చల్లనివీ అయిన చాలా నక్షత్రాల్లో ఈ గీత నడుమ సన్నటి వెలుగు చార కనిపిస్తుంది. నక్షత్రం అసలు వెలుగు ఎంత ఎక్కువైతే ఈ చార అంత వెడల్పుగా ఉంటుందని విల్సన్, బప్పు తేల్చారు. అంటే చార వెడల్పు కొలిస్తే అసలు వెలుగు, దాన్నుంచి దూరం తెలుస్తాయి. 1957లో వెలువడిన ఈ ఫలితాన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటున్నారు.

తిరిగొచ్చి మొదలుపెట్టింది

పాలోమార్‌లాంటి చోట పనిచేసిన వ్యక్తికి అమెరికాలో అవకాశాలకు కొదవ ఉండదు. బప్పు మాత్రం 1953లో భారత్‌కు తిరిగొచ్చారు. ఆయన స్థాయి పరిశోధనకు సరిపడే టెలిస్కోపు అప్పటికి దేశంలో లేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ బాధ్యత తీసుకుని, దాన్ని మెరుగైన ఆకాశం ఉన్న నైనీతాల్ కొండలకు మార్పించారు.

1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. 1899లో ఏర్పాటైన ఆ సంస్థకు సూర్యుడి అధ్యయనంలో మంచి పేరుంది. నక్షత్రాల పరిశోధనకు వేరే చోటు కావాలని ఆయన దక్షిణాది కొండల్లో వెతికించారు. చివరకు తమిళనాడులోని జవ్వాదు కొండల్లో కావలూరు ఖాయమైంది. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో ఉత్తర, దక్షిణ ఆకాశాలు రెండూ అక్కడి నుంచి బాగా కనిపిస్తాయి.

దేశంలోనే తయారుచేసిన 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో 1968లో అక్కడ పని మొదలైంది. 1972లో తూర్పు జర్మనీ నుంచి 102 సెంటీమీటర్ల టెలిస్కోపు వచ్చింది. అదే ఏడాది గురుగ్రహం ఉపగ్రహం గ్యానిమీడ్‌కు పలుచని వాతావరణం ఉందన్న సూచనలు దానితో దొరికాయి. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు ఆ గ్రహం చుట్టూ వలయాలున్నట్లు అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ రాత్రి కావలూరు నుంచి కూడా ఆ ఘట్టాన్ని నమోదు చేశారు.

ఈలోగా 1971లో కొడైకెనాల్, కావలూరు కేంద్రాలు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ పేరుతో స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ కిందకు వచ్చాయి. తొలి డైరెక్టర్ బప్పు.

చూడకుండానే వెళ్లిపోయిన టెలిస్కోపు

93 అంగుళాల అద్దం ఉన్న పెద్ద టెలిస్కోపును కొనకుండా, దేశంలోనే కట్టాలన్నది బప్పు పట్టుదల. కొంటే త్వరగా వచ్చేది. కడితే ఏళ్లు పడుతుంది, అయితే అద్దం అరగదీయడం నుంచి భారీ ఉక్కు నిర్మాణం వరకు మనవాళ్లకు పని వస్తుంది. ఆయన రెండో దారినే ఎంచుకున్నారు.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభ గ్రీస్‌లో జరుగుతుండగా, జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె శస్త్రచికిత్స తర్వాత ఆయన కన్నుమూశారు. ఆ రోజు ఆగస్టు 19. వయసు 55 ఏళ్లు. టెలిస్కోపు ఇంకా పూర్తి కాలేదు.

సహచరులు ఆ పని ఆపలేదు. 1986 జనవరిలో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ ఆ టెలిస్కోపుకు, కావలూరు అబ్జర్వేటరీకి వైను బప్పు పేరు పెట్టారు.

ఆయన బాల్యం గడిచిన నిజామియా ఆయన పుట్టకముందే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1959లో అక్కడ ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది. నిజాం కాలేజీ రోజుల్లో బప్పుకు దొరకని పాఠం, ఆయన దేశం తిరిగొచ్చిన ఆరేళ్లకు ఆయన పెరిగిన ఊళ్లోనే విద్యార్థులకు అందుబాటులోకి వచ్చింది.