మిషనరీ ఇంటి ఆడపిల్ల - పెర్ల్ బక్

ఈ సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు ముందు తప్పించుకోజూశాను. కెమిస్ట్రీ రికార్డు తప్ప మరొకటి రాసి ఎరుగని వాణ్ణి. అయితే పోయిన వేసవి సెలవుల్లో 'ది గుడ్ ఎర్త్' అనే ఇంగ్లీషు నవల చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇరవై రోజులు పట్టింది. చైనాలో వాంగ్ లంగ్ అనే రైతు కథ అది. ఆ కథ నన్ను ఒక ఇరకాటంలో పడేసింది. అదేమిటో తర్వాత చెబుతాను. ముందు, చైనా రైతు గురించి అంత లోపలినుంచి రాసినావిడ ఒక అమెరికన్ పాదిరీ కూతురని తెలిసి ఆశ్చర్యపోయాను. అప్పటినుంచి ఆమె గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

పెర్ల్ తండ్రి అబ్సలోమ్ సైడెన్‌స్ట్రికర్, తల్లి కేరొలిన్. 1880లో పెళ్ళి చేసుకుని, అదే ఏడు ప్రెస్బిటేరియన్ మిషన్ తరఫున చైనాకు ఓడెక్కారు. పెర్ల్ మాత్రం వాళ్ళు సెలవు మీద స్వదేశం వచ్చినప్పుడు, 1892 జూన్ 26న, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో హిల్స్‌బరో అనే ఊళ్ళో పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే చైనా తీసుకుపోయారు. ఆ దంపతులకు పుట్టినవారు ఏడుగురు. బతికి బట్టకట్టింది ముగ్గురే. పెర్ల్ పుట్టేనాటికే ముగ్గురు పోయారు, తర్వాత ఒక తమ్ముడు పోయాడు. మందులూ మాకులూ అందని చోట జ్వరాలకు పసిపిల్లలు అలా రాలిపోయేవారు. మా నాయనమ్మ కూడా పోయిన పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది. తల్లి కేరొలిన్ దుఃఖం ఎలాంటిదో నాకు ఆమె ద్వారా కొంచెం తెలుసు.

అబ్సలోమ్ విచిత్రమైన మనిషి. గాడిద మీదా, కాలువల్లో పడవ మీదా ఉత్తర జియాంగ్సూ పల్లెలన్నీ తిరుగుతూ వారాల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. రాళ్ళు రువ్వినా, కుక్కల్ని ఉసిగొల్పినా వెనక్కి తగ్గలేదు. తొలి పదేళ్ళలో ఆయన మాట విని మతం పుచ్చుకున్నవారు బహు కొద్దిమంది. అయినా నిరాశ పడలేదు. బైబిలు కొత్త నిబంధనను గ్రీకునుంచి మామూలు జనం మాట్లాడే చైనా భాషలోకి అనువదించడం జీవితాంతం పెట్టుకున్న పని. దాని అచ్చు ఖర్చుకు ఇంటి డబ్బే పోసేవాడు. ఆ డబ్బుతో కొనుక్కోవలసిన బట్టలూ బొమ్మలూ పిల్లలకు లేకపోయాయి. నాకు ఆయన మీద కోపమూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

కేరొలిన్ ధోరణి వేరు. యాంగ్‌ట్సీ నదీ, మహాకాలువా కలిసే జెన్‌జియాంగ్ పట్టణంలో 1896 నుంచి కాపురం. ఎక్కడ ఉన్నా చిన్న తోట వేసి అమెరికా పూలమొక్కలు పెంచుకునేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కూర్చుని తమ కష్టాలు చెప్పుకునేవారు. అత్త పెట్టే బాధలు, ఆడపిల్ల పుట్టిందని మొగుడు చూపే చీదరింపు, అన్నీ. ఆమె తనకు తెలిసిన మందు ఇచ్చేది, ఎక్కువగా వినేది. ఆ మూల కూర్చుని పెర్ల్ కూడా వినేది. ఊరి బయట పారేసిన ఆడశిశువుల ఎముకలు కుక్కలు లాగుతుంటే, ఆ పిల్ల వాటిని ఏరి మట్టిలో పూడ్చేదట. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇంగ్లీషుతో పాటే చైనా భాష ఆమెకు వచ్చింది. ఇంట్లో వాంగ్ అనే ముసలి ఆయా బౌద్ధ కథలు, భూతాల కథలు చెప్పేది. కుంగ్ అనే పంతులుగారు కన్ఫ్యూషియస్ బోధలు, చైనా లిపి నేర్పాడు. ఆయన 1905లో కలరాతో చనిపోయాడు. అంతకుముందే 1900లో బాక్సర్ తిరుగుబాటు వచ్చింది. తెల్లవాళ్ళను చంపుతున్నారన్న వార్తలు రాగానే కేరొలిన్ పిల్లలతో షాంఘై వెళ్ళి తలదాచుకుంది. అబ్సలోమ్ మాత్రం కదలనన్నాడు. నిన్నటిదాకా తోటి పిల్లలతో ఆడిన ఎనిమిదేళ్ళ పెర్ల్‌కు, తాను పరాయిదాన్నని అప్పుడే మొదటిసారి తెలిసింది. అమెరికాలో కాలేజీ చదువుకు వెళితే అక్కడా అంతే, చైనా పిల్లలాగా విడిగా ఉండిపోయింది. 1914లో చదువు ముగియగానే తల్లికి జబ్బు చేసిందని తిరిగి వచ్చేసింది.

1917లో జాన్ లాసింగ్ బక్‌ను పెళ్ళాడింది. నన్నడిగితే కథ ఇక్కణ్ణుంచే మన దారికి వస్తుంది. లాసింగ్ కూడా మిషన్ ఉద్యోగే గాని వాక్యం చెప్పే పాదిరీ కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదివి, చైనా రైతులకు సేద్యం నేర్పుదామని వచ్చినవాడు. కాపురం అన్హుయ్ రాష్ట్రం ఉత్తరాన నాన్‌షుజౌలో. అక్కడ వరి లేదు. గోధుమ, జొన్న, సోయా పండే మెట్ట. మట్టిగోడల ఇళ్ళు, గడ్డి కప్పులు, ఒక ఏడు కరువు, ఒక ఏడు వరద. లాసింగ్ సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. ఆయన చైనా భాష ఇంకా కుదురుకోక ముందు, వెంట వెళ్ళి రైతుల మాట ఆయనకూ, ఆయన మాట రైతులకూ చెప్పింది పెర్లే.

కొన్నాళ్ళకు దంపతులిద్దరికీ ఒక సంగతి అర్థమైంది. నలభై తరాలుగా అదే చెక్కను దున్ని, పిడికెడు ఎరువు కూడా వృథా చేయకుండా పండించుకుంటున్న రైతుకు, నిన్న మొన్న వచ్చిన అమెరికా కుర్రాడు నేర్పేదేముంది? ముందు నేర్చుకోవాలి. మా ఊరికి వచ్చి, చేలోకి దిగకుండా గట్టు మీద నిలబడి పాఠం చెప్పిపోయేవాళ్ళు గుర్తొచ్చి నవ్వుకున్నాను. లాసింగ్ అలా చేయలేదు. 1920లో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో (అప్పుడు నాన్‌కింగ్ అనేవారు) వ్యవసాయ ఆర్థికశాస్త్రం చెప్పడానికి మారాక, తన విద్యార్థులకు ప్రశ్నల పత్రాలు ఇచ్చి సెలవుల్లో సొంత ఊళ్ళకు పంపాడు. ఎన్ని చెక్కలు, ఎంత విత్తనం, ఎన్ని పనిరోజులు, ఎంత పంట, ఎంత కౌలు, ఎంత అప్పు. అలా 7 రాష్ట్రాల్లో 2,866 కమతాల లెక్క తేల్చి 1930లో పుస్తకం వేశాడు. 1937లో వచ్చిన రెండో పుస్తకం 22 రాష్ట్రాల్లోని 16,786 కమతాలది. అంతకుముందు చైనా పల్లెల గురించి ఇంత పెద్ద లెక్క ఎవరూ తీయలేదు. ఆ మొదటి కాగితాలు నింపింది మనలాంటి కాలేజీ కుర్రాళ్ళేనని మిత్రులు గమనించాలి.

మగవాళ్ళు లాసింగ్‌కు లెక్కలు చెబుతుంటే, లోపలి వాకిట్లో ఆడవాళ్ళు పెర్ల్‌తో మాట్లాడేవారు. తల్లి దగ్గర నేర్చిన వినడం అక్కడ పనికొచ్చింది. 'గుడ్ ఎర్త్'లో వాంగ్ లంగ్ భార్య ఓ-లాన్ ఆ వాకిళ్ళలోనే పుట్టిందని నా నమ్మకం. మంత్రసాని లేకుండా ఒంటరిగా బిడ్డను కని, తిరిగి చేలోకి వచ్చి భర్త పక్కన పని అందుకునే మనిషి ఆమె.

ఇంతలో ఇంట్లోనే పెద్ద కష్టం. 1920లో పుట్టిన కూతురు కేరల్ ఎదుగుదల ఆగిపోయింది. ఏళ్ళు వచ్చినా మాట రాదు. ఎందరు డాక్టర్లకు చూపినా కారణం తెలియలేదు. ఆ జబ్బు ఫినైల్‌కీటోన్యూరియా. సైన్సు విద్యార్థులకు వివరం చెప్పడం నా ధర్మం. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్ ఎలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఎంజైము పుట్టుకతోనే పనిచేయదు. అది రక్తంలో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. నార్వే డాక్టరు ఫోలింగ్ దీన్ని కనిపెట్టింది 1934లో. పథ్యంతో అదుపు చేయవచ్చని తెలిసింది 1950లలో. పుట్టగానే మడమనుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించడం 1960లలో మొదలైంది. ఆ పిల్ల నలభై ఏళ్ళు ముందు పుట్టింది, అంతే. పాఠ్యపుస్తకంలో ఇది నాలుగు పంక్తుల పాఠం. పోయిన ఏడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దాని వెనక ఒక తల్లి ఉంటుందని అప్పుడు తోచలేదు.

1929లో కేరల్‌ను అమెరికాలో అలాంటి పిల్లలుండే ఒక సంస్థలో చేర్చింది. జీవితాంతం ఖర్చు భరించాలి. మిషన్ జీతం చాలదు. రాసి సంపాదించాలన్న పట్టుదలకు అదొక ముఖ్య కారణం. నవలలో వాంగ్ లంగ్‌కూ మాటరాని, బుద్ధి ఎదగని కూతురు ఉంటుంది. ఆయన అందరికన్నా ఆ పిల్లనే కనిపెట్టుకుని ఉంటాడు. ఆ పేజీలు ఎవరిని తలచుకుని రాసిందో వేరే చెప్పనక్కర్లేదు.

1927 మార్చిలో నాన్‌జింగ్‌లోకి సైన్యాలు ప్రవేశించి విదేశీయుల మీద పడ్డాయి. విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుణ్ణి కాల్చి చంపారు. పెర్ల్ కుటుంబమంతా, ముసలి తండ్రితో సహా, ఒక బీద చైనా స్త్రీ గుడిసెలో రోజంతా ఊపిరి బిగబట్టి దాక్కున్నారు. ఆమె ఒకప్పుడు పెర్ల్ చేతి సాయం పొందిన మనిషి. పట్టుబడితే తన ప్రాణమూ పోతుందని తెలిసే తలుపు తీసింది. ఇల్లు దోపిడీ అయింది, పెర్ల్ రాసుకున్న నవల ఒకటి అందులో పోయింది. జపానులో కొన్నాళ్ళు తలదాచుకుని తిరిగి వచ్చి, అదే నాన్‌జింగ్ ఇంటి అటక గదిలో మూడు నెలల్లో 'గుడ్ ఎర్త్' రాసింది. 1931 మార్చిలో అచ్చయింది. ఆ ఏడూ, మరుసటి ఏడూ అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది. 1932లో పులిట్జర్, 1938లో నోబెల్ బహుమతి వచ్చాయి. తండ్రి 1931లోనే చనిపోయాడు. కూతురి నవల చేతికిచ్చినా ఆయన చదవలేదు. నవలలు ఆయన దృష్టిలో కాలక్షేపం. తల్లి అప్పటికే పదేళ్ళ కిందట పోయింది. ఆ తల్లిదండ్రులిద్దరి మీదా పెర్ల్ 1936లో చెరొక పుస్తకం వేసింది. తండ్రిని దాచిపెట్టి పొగడలేదు, అలాగని తూలనాడలేదు.

1932లో న్యూయార్క్‌లో ప్రెస్బిటేరియన్ స్త్రీల సభలో, చైనా జనాన్ని చిన్నచూపు చూసే మిషనరీల అహంకారాన్ని బాహాటంగా విమర్శించింది. పెద్ద దుమారం లేచింది. మరుసటి ఏడు మిషన్‌కు రాజీనామా ఇచ్చింది. 1934లో చైనా విడిచింది, మళ్ళీ చూడలేదు. 1935లో లాసింగ్‌తో విడాకులు, ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌తో పెళ్ళి. ఆ వివరాలు నాకు పెద్దగా ఆసక్తి కలిగించలేదు. మన స్వాతంత్ర్యోద్యమాన్ని అమెరికాలో గట్టిగా సమర్థించింది. దేవానంద్ 'గైడ్' ఇంగ్లీషు చిత్రానికి స్క్రిప్టు రాసినవారిలో ఆమె ఒకరు. ఎవరూ తీసుకోని మిశ్రమ సంతతి పిల్లలకు ఇళ్ళు వెదకడానికి 1949లో ఒక సంస్థ పెట్టింది. అటు చైనాలో మాత్రం, విదేశీయురాలికి మా సంగతి పైపైనే తెలుసని విమర్శించిన రచయితలున్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయినా వాళ్ళలో ఎందరు ఓ-లాన్ వాకిట్లో కూర్చున్నారో నాకు సందేహమే. 1972లో ఎనభయ్యో ఏట చైనా చూస్తానని అడిగితే వాళ్ళ ప్రభుత్వం వీసా ఇవ్వలేదు. 1973 మార్చి 6న కన్నుమూసింది. పెన్సిల్వేనియాలో ఆమె పొలం దగ్గరే సమాధి. దాని మీద ఇంగ్లీషు పేరు లేదు, చైనా లిపిలో చిన్ననాటి పేరు మాత్రం చెక్కించుకుంది.

ఇక ఇరకాటం సంగతి. మాకు కాలవ కింద మూడెకరాల మాగాణి ఉంది. రోడ్డు దగ్గర కావడంతో ప్లాట్లు వేసేవాళ్ళు అడుగుతున్నారు. అమ్మేద్దామని అన్నయ్య పట్టు. సేద్యం నష్టమేనని లెక్క వేసి నాన్నకు చూపించమని నాకే అప్పజెప్పాడు, సైన్సు చదువుతున్నానని. నేనూ సరేనన్నాను. లాసింగ్ ప్రశ్నల్లాంటివే రాసుకుని నాన్నను అడుగుతూ కూర్చున్నాను. దమ్ము, నారు, నాట్లు, కలుపు, ఎరువులు, మందులు, కోత. అన్నీ రాశాక, అమ్మ పనిరోజులు ఎక్కడా లేవని గమనించి ఆ కూలి కూడా కలపబోయాను. అది కలిపితే ఇంకేం మిగలదులేరా అని నాన్న నవ్వాడు. లోపలినుంచి అమ్మ నవ్వలేదు.

నవల ముగింపు చదివింది ఆ వారంలోనే. ముసలి వాంగ్ లంగ్ చేలో నిలబడి ఉంటే, భూమి అమ్మే మాట కొడుకులు మాట్లాడుకుంటారు. ఆయన విని ఏడుస్తాడు. అమ్మమని వాళ్ళు ఆయనను సముదాయిస్తూనే, ఆయన తల మీదుగా ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు.

నేను ఆ లెక్క కాగితం అన్నయ్యకు ఇవ్వలేదు. రికార్డు పుస్తకంలోనే ఉంది. దసరా సెలవుల్లో రోజూ సాయంత్రం కాస్త కాస్తగా నాన్నకు ఈ కథ చెప్పాను. కరువు భాగం రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఓ-లాన్ దాచుకున్న రెండు ముత్యాలను వాంగ్ లంగ్ ఇంకొకత్తె కోసం లాక్కున్నాడని చెబితే, అమ్మ పని ఆపి ఇటు తిరిగింది. కొడుకులు చివరికి పొలం అమ్మారా అని నాన్న అడిగాడు. కథ అక్కడితో అయిపోయిందన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, అక్కడ ఎకరానికి గోధుమ ఎన్ని బస్తాలు అవుతుందని అడిగాడు. లాసింగ్ పుస్తకం చూసి చెబుతానన్నాను.