పింజారి ఇంటి నుంచి పద్మశ్రీ దాకా

మా పత్తికొండ, ఆదోని వైపు పత్తి ఎంత ఎక్కువో, దూదేకులవాళ్ల ఇళ్లూ అంత ఎక్కువ. విల్లుకి కట్టిన నారిని కొయ్యతో కొడుతూ, ధుం ధుం మంటూ దూది ఏకడం వాళ్ల తాతల నాటి వృత్తి. వాళ్లకే పింజారీలని ఇంకో పేరు. కష్టపడి బతికేవాళ్ల కులం పేరు అది. కానీ మన ఇళ్లలో ఆ మాట ఎలా వినబడుతుందో మీకు తెలుసు. పిల్లాడు చెప్పిన మాట వినకపోతే చాలు, పింజారి వెధవ అనేస్తారు. ఎవరిని అంటున్నామో ఒక్క క్షణం కూడా ఆలోచించరు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు బుర్రకథ నాజర్ గారు గుర్తొస్తారు. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. ఇంట్లో జరుగుబాటు లేకపోయినా పట్టుబట్టి శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు, నాటకాల్లో వేషాలు కట్టారు. చివరికి ఆయన్ని నిలబెట్టింది మాత్రం బుర్రకథే.

అంతకుముందు దాన్ని జంగం కథ అనేవారు. ఊరూరా తిరిగి, కథ చెప్పి, పెట్టింది తిని వెళ్లేవాళ్ల విద్య అది. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, కుడిచేతి వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలుకుతారు. పాటా, మాటా, అడుగూ అన్నీ ఆ తాళం మీదే నడవాలి. అది తప్పితే కథ కుప్పకూలినట్టే.

నాజర్ గారు ఆ పాత తాళాన్ని వదల్లేదు. దాని మీద కొత్త కథ ఎక్కించారు. 1943లో బెంగాల్‌లో కరువొచ్చి లక్షలమంది ఆకలితో చనిపోతే, ఆ కష్టం మన పల్లెలకి బుర్రకథగా వినిపించారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెబుతుంటే జనం విరగబడి వచ్చేవారు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత ఇప్పటి రాజకీయం అందుకుంటాడు. పేపరు చదవడం రానివాళ్లకి కూడా లోకం సంగతి తెలిసేది. అందుకేనేమో, ప్రజానాట్యమండలి కళాకారులంటే అప్పటి ప్రభుత్వాలకి గుబులు. నిషేధాలూ పెట్టారు.

ఆ రోజుల్లోనే ఆడవాళ్లూ వెనకబడి లేరండోయ్! మోటూరి ఉదయం గారు మహిళా బుర్రకథ దళం కట్టి వేదికెక్కారు. ఆడపిల్ల పదిమందిలో గజ్జె కట్టడమే తప్పనుకునే కాలంలో అదేమన్నా చిన్న సంగతా?

1953లో వచ్చిన పుట్టిల్లు సినిమాలో నాజర్ గారి బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. బిచ్చగాళ్ల విద్య అని చులకనగా చూసిన కళకి దక్కిన గౌరవం అది. ఆ తర్వాత ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చింది. దాని పేరేమిటో తెలుసా? పింజారి! నలుగురూ తిట్టుగా వాడే మాటనే అట్ట మీద పెద్దక్షరాలతో వేయించుకున్నారు. 1997లో ఆయన కన్నుమూశారు.

కుటుంబ నియంత్రణ కానీ, అక్షరాస్యత కానీ, ఊళ్లో జనానికి ఏదైనా చెప్పాలంటే తర్వాత సర్కారు వాళ్లు కూడా బుర్రకథనే పట్టుకున్నారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా పిల్లాణ్ణి ఆ మాటతో తిడితే కసురుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని పొన్నెకల్లు నాజర్ కథ చెప్పండి. మళ్లీ ఆ మాట తిట్టుగా నోట రాదు.